విదేశీ ప్రయాణంలో చార్జింగ్: ప్లగ్గు ఆకారం కంటే ముందు చూడవలసిన అంకెలు

పెట్టె సర్దుకుంటూ అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "నా ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పడుతుందా?" అడగవలసిన ప్రశ్నే, కానీ అది రెండో ప్రశ్న. ప్లగ్గు పట్టకపోతే చార్జింగ్ ఆగిపోతుంది, అంతకు మించిన నష్టం లేదు. వోల్టేజీ సరిపడకపోతే మాత్రం మిమ్మల్ని ఆపేది ఏదీ ఉండదు. చిన్న అడాప్టర్ తగిలిస్తే ప్లగ్గు సాఫీగా సాకెట్‌లోకి దిగుతుంది, స్విచ్ వేసిన కొద్దిసేపటికే వస్తువు కాలిపోతుంది. నా సంచిలోని ఒక టూత్‌బ్రష్ చార్జింగ్ పీఠం అలాగే పోయింది. అడాప్టర్ సరిగ్గా పట్టింది కదా అని దాని అడుగున రాసి ఉన్న వోల్టేజీ చూడలేదు. కాసేపటికి గదిలో ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. అందుకే ఈ మార్గదర్శిని అంకెలతోనే మొదలుపెడుతున్నాను.

మొదటి అడుగు: సన్నక్షరాలు చదవండి

ప్రయాణానికి వారం ముందు, తీసుకువెళ్లే వస్తువులన్నిటినీ చార్జర్లతో సహా ఒక బల్ల మీద పరచండి. ప్రతి చార్జర్ మీదా చిన్న అక్షరాలతో కొన్ని వివరాలు ముద్రించి ఉంటాయి. కంటికి ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. అందులో "ఇన్‌పుట్" అన్న మాట పక్కన ఉన్న అంకెలే మనకు కావలసినవి.

అక్కడ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె) అని ఉంటే ఆ చార్జర్‌ను ఏ దేశంలోనైనా నిశ్చింతగా వాడవచ్చు. ఇళ్లకు, హోటళ్లకు వచ్చే కరెంటు ఈ హద్దుల్లోనే ఉంటుంది. జపాన్‌లో 100 వోల్టులు, తైవాన్‌లో 110, అమెరికా, కెనడాల్లో 120, ఐరోపా, భారత్, ఆస్ట్రేలియాల్లో 230. బ్రెజిల్‌లో ఊరిని బట్టి 127 ఉండవచ్చు, 220 ఉండవచ్చు. జపాన్‌లో వోల్టేజీ దేశమంతా ఒకటే అయినా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్. పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక ప్రాంతం జర్మనీ జనరేటర్లను, మరో ప్రాంతం అమెరికా జనరేటర్లను తెప్పించుకోవడంతో ఏర్పడిన తేడా అది, ఇప్పటికీ తొలగలేదు.

ఇన్ని తేడాలను చేతిలో ఇమిడే చార్జర్ ఎలా తట్టుకుంటుందన్న సందేహం సహజం. లోపలికి వచ్చిన కరెంటును అది ముందుగా ఏకముఖంగా మారుస్తుంది. తర్వాత దాన్ని సెకనుకు వేల సార్లు తెంపుతూ కలుపుతూ, కావలసినంత మాత్రమే బయటికి వదులుతుంది. గోడ నుంచి 100 వోల్టులు వస్తే కలిపి ఉంచే సమయాన్ని పెంచుతుంది, 240 వస్తే తగ్గిస్తుంది. ఈ పద్ధతిలో హెర్ట్జ్ ఎంతన్నదీ పట్టింపు కాదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, కెమెరాలతో వచ్చే చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే.

చిక్కంతా మిగిలిన వస్తువులతోనే. విద్యుత్ టూత్‌బ్రష్ పీఠాలు, పాత షేవర్లు, పసిపిల్లల పాలసీసా వేడిచేసే పరికరాలు, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్లు, జుట్టు నిటారు చేసే ఇస్త్రీలు ఒకే వోల్టేజీకి తయారై ఉండవచ్చు. వాటి మీద "220–240" అనో "120" అనో మాత్రమే ఉంటుంది. 230 వోల్టుల డ్రయ్యర్‌ను 120 వోల్టుల దేశంలో పెడితే నాలుగో వంతు వేడి మాత్రమే పుడుతుంది, జుట్టు ఆరదు, అంతే. తిరగేస్తే ప్రమాదం. 120 వోల్టుల వస్తువును 230 వోల్టులకు తగిలిస్తే వేడి రెట్టింపుతో ఆగదు. వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇంచుమించు మూడున్నర రెట్లు దాటుతుంది. తీగ తెగడమో మంట రావడమో క్షణాల్లో జరుగుతుంది.

అలాంటి వస్తువుల కోసం కన్వర్టర్ కొనుక్కోమని చాలామంది చెబుతారు. నా మాట వేరు: వస్తువునే ఇంటి దగ్గర వదిలేయండి. తేలికపాటి కన్వర్టర్లు కరెంటు అలను ముక్కలు చేసి పంపుతాయి. వేడి పుట్టించే వస్తువులు దాన్ని భరిస్తాయి, ఎలక్ట్రానిక్ వస్తువులు భరించలేవు. శుభ్రమైన అలను ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే అది ఇటుక బరువు ఉంటుంది. డ్రయ్యర్ చాలా హోటళ్లలో దొరుకుతుంది. టూత్‌బ్రష్‌ను బయలుదేరే ముందు పూర్తిగా చార్జ్ చేస్తే చాలా రకాలు వారం పైనే వస్తాయి.

రెండో అడుగు: ఇప్పుడు ఆకారం సంగతి

ప్రపంచంలోని ప్లగ్గులకు ఆంగ్ల అక్షరాలతో పేర్లు ఉన్నాయి, ఏ (A) నుంచి ఓ (O) వరకు మొత్తం 15 రకాలు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వెళ్తున్న దేశం ఏ అక్షరంలోకి వస్తుందో చూసుకుంటే చాలు. మధ్యలో విమానం మారే దేశంలో రాత్రి ఆగవలసి వస్తే దాన్నీ చూసుకోండి, చాలామంది మరిచేది అక్కడే.

అమెరికా, కెనడా, జపాన్‌లలో రెండు చదునైన రేకుల ఏ, దానికి ఎర్త్ పిన్ను చేరిన బి. ఐరోపా ఖండంలో ఎక్కువ చోట్ల సన్నని గుండ్రని పిన్నుల సి ప్లగ్గు పడుతుంది. అక్కడి గోడ సాకెట్లు మాత్రం ఫ్రాన్స్, పోలండ్‌లలో ఈ (E), జర్మనీ, స్పెయిన్‌లలో ఎఫ్ రకానివి. స్విట్జర్లాండ్, ఇటలీలకు సొంత ఆకారాలు ఉన్నా సన్నని సి ప్లగ్గును అవీ పట్టుకుంటాయి. బ్రిటన్, ఐర్లాండ్, సింగపూర్, మలేషియా, యూఏఈలలో మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల జి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చైనాలలో వాలుగా ఉండే రేకుల ఐ.

"పడుతుంది" అన్నంత మాత్రాన "సరిపోతుంది" అని అనుకోకూడదు. సి ప్లగ్గు పిన్నులు 4 మిల్లీమీటర్ల మందం. భారత్, నేపాల్‌లలో వాడే డి సాకెట్ 5 మిల్లీమీటర్ల పిన్నులకు చేసినది. సన్న పిన్ను అందులోకి సులువుగానే దిగుతుంది, లోపల మాత్రం వదులుగా వేలాడుతుంది. లోహం లోహాన్ని గట్టిగా తాకని చోట కరెంటు ఇరుకు దారిలో పోతుంది, అక్కడ వేడి పుడుతుంది, చిన్న నిప్పురవ్వలు వస్తాయి. ప్లగ్గుల దగ్గర ప్లాస్టిక్ నల్లబడటానికి ముఖ్య కారణం ఇదే. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టేలా వెడల్పు రంధ్రాలతో చేసిన సాకెట్లలోనూ ఈ లోపం ఉంటుంది. తగిలించాక ప్లగ్గును వేలితో మెల్లగా కదపండి. ఊగితే, లేదా చార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంటే, వేరే సాకెట్ వెతుక్కోండి.

బ్రిటన్ సాకెట్ల గురించి ఒక్క హెచ్చరిక. వాటిలో కింది రెండు రంధ్రాలకు లోపల మూతలు ఉంటాయి. పొడవైన ఎర్త్ పిన్ను ముందుగా దిగితేనే అవి తెరుచుకుంటాయి, పిల్లల వేళ్లు లోపలికి పోకుండా చేసిన ఏర్పాటు అది. పై రంధ్రంలో పెన్ను గుచ్చి, మూతలు తెరిచి, రెండు పిన్నుల ప్లగ్గు దూర్చే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అలా చేయకండి. బ్రిటన్ ప్లగ్గు లోపల ఒక ఫ్యూజు ఉంటుంది, గోడలోని తీగ పెద్ద కరెంటును మోసేది కాబట్టి సన్నని వైరును కాపాడే పని ఆ ఫ్యూజుదే. పెన్నుతో తెరిచిన దారిలో ఆ ఫ్యూజూ లేదు, పట్టూ లేదు. అలాగే అక్కడి స్నానాలగదిలో కనిపించే రెండు రంధ్రాల సాకెట్ షేవర్ల కోసం పెట్టినది, చాలా తక్కువ కరెంటు ఇస్తుంది. ఫోనుకు అది తగదు.

మూడో అడుగు: అడాప్టర్ ఎంపిక

అడాప్టర్ పని ఆకారం మార్చడం మాత్రమే, వోల్టేజీని అది ముట్టుకోదు. ఆ సంగతి తెలిసి కొంటే మూడు విషయాలు చూస్తారు.

ఒకటి, ఎన్ని ఆంపియర్లు మోయగలదు. 6 ఆంపియర్ల అడాప్టర్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు, 120 దగ్గర 720 వాట్లు మాత్రమే మోస్తుంది. ఫోను, ల్యాప్‌టాప్, కెమెరా అన్నీ కలిపినా 200 వాట్లు దాటడం అరుదు కాబట్టి వాటికి చాలినంత. దానికే డ్రయ్యరో కెటిలో తగిలిస్తే అడాప్టర్ కరుగుతుంది.

రెండు, లోపల ఫ్యూజు, రంధ్రాలకు మూతలు ఉన్నాయా. ఒక పక్క పిన్నులు గోడలో ఉండగా మరో పక్క పిన్నులు బయటికి లాగగలిగే అడాప్టర్ ఎంత అందంగా ఉన్నా కొనకండి. ఆ బయటి పిన్నుల్లో కరెంటు ఉండే ప్రమాదం ఉంది.

మూడు, ఎర్త్. ప్రపంచమంతటికీ పనికొస్తాయని అమ్మే డబ్బా అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ కలవదు. రెండు పిన్నుల చార్జర్లకు దానితో పని లేదు, వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది, రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్‌కు మాత్రం ఎర్త్ అందాలి. ఎర్త్ లేకుండా చార్జ్ అవుతున్న ల్యాప్‌టాప్ లోహపు మూత మీద చెయ్యి రాస్తే జివ్వుమన్నట్టు ఉండటం మీరు గమనించి ఉండవచ్చు. చార్జర్‌లో విద్యుత్ అలజడిని అణచడానికి పెట్టే కెపాసిటర్ అనే చిన్న భాగం గుండా అతి స్వల్పమైన కరెంటు ఇవతలికి వస్తుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే మూత మీదే నిలుస్తుంది. అసలైన చార్జర్‌లో అది హాని చేసేంత ఉండదు. నాసిరకం చార్జర్‌లో ఎంత ఉందో చేతితో తేల్చుకోలేం, కాబట్టి ఆ స్పర్శ తెలియగానే తీసేయడమే మంచిది.

నా అభిప్రాయంలో, అన్ని దేశాలకూ ఒకే డబ్బా కంటే వెళ్లే దేశానికి మాత్రమే సరిపోయే చిన్న అడాప్టర్ మేలు. డబ్బా బరువుకు సాకెట్ నుంచి ముందుకు వంగుతుంది, మళ్లీ ఆ వదులు పట్టే, ఆ వేడే. ఒక మంచి అడాప్టర్, దానికి మూడు నాలుగు యూఎస్‌బీ రంధ్రాలున్న ఒక నాణ్యమైన చార్జర్ ఉంటే కుటుంబమంతటికీ సరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకువెళ్లేవారు దాని మీద కూడా వోల్టేజీ చూడాలి. 120 వోల్టుల దేశంలో కొన్న, ఉన్నట్టుండి పెరిగే వోల్టేజీ నుంచి కాపాడే బోర్డును 230 వోల్టులకు పెడితే ఆ కాపాడే భాగమే కాలిపోతుంది. విహార నౌకల్లో అలాంటి బోర్డులను చాలా సంస్థలు అసలే అనుమతించవు.

నాలుగో అడుగు: చార్జర్ వాట్లు, కేబుల్

"ల్యాప్‌టాప్ చార్జర్‌కు ఫోను పెడితే కాలిపోతుందా?" అన్న భయం చాలామందిలో ఉంది. యూఎస్‌బీ టైప్-సి చార్జర్లలో (ఇది గోడ ప్లగ్గు సి రకం కాదు, కేబుల్ కొన ఆకారం) అలా జరగదు. తగిలించగానే చార్జర్ 5 వోల్టులతోనే మొదలుపెడుతుంది. తర్వాత ఫోను, చార్జర్ మాట్లాడుకుని 9, 15, 20 వోల్టులలో ఇద్దరికీ తగినది ఎంచుకుంటాయి. చార్జర్ మీద రాసిన వాట్లు అది ఇవ్వగలిగినంత, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఫోను. గోడ సాకెట్ అలా కాదు, అక్కడ బేరాలు లేవు. ఉన్న వోల్టేజీ అంతా వచ్చి పడుతుంది. ఈ రెంటికీ తేడా తెలిస్తే సగం భయాలు పోతాయి.

ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లకు టైప్-సి తప్పనిసరి. 2026 ఏప్రిల్ 28 నుంచి ఆ నియమం ల్యాప్‌టాప్‌లకూ వర్తిస్తుంది. కొత్త వస్తువులున్నవారు ఒకే చార్జర్‌తో బయలుదేరవచ్చు. కేబుల్ మాత్రం చూసుకోండి. మామూలు టైప్-సి కేబుల్ 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించితే లోపల గుర్తింపు చిప్ ఉన్న 100 లేదా 240 వాట్ల కేబుల్ కావాలి.

చార్జర్‌ను ఇక్కడే కొనుక్కుని వెళ్లండి, దారిలో స్టేషన్ బయట దొరికేది కొనవద్దు. యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ 2016లో 400 నకిలీ ఐఫోన్ చార్జర్లను పరీక్షించింది. అన్ని పరీక్షలూ నెగ్గినవి 3 మాత్రమే. పన్నెండింటి తయారీ ఎంత నాసిగా ఉందంటే, వాడేవారికి ప్రాణాంతకమైన షాక్ తగిలే ప్రమాదం ఉంది. నకిలీలో గోడ కరెంటుకూ ఫోను వైపు కరెంటుకూ మధ్య ఉండవలసిన ఎడం ఉండదు. మరీ తేలికగా ఉండటం, అక్షరదోషాలు, వంకరగా అతికిన పిన్నులు దాని ఆనవాళ్లు.

ఐదో అడుగు: విమానంలో

పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, కింద సరుకుల గదికి పంపే పెట్టెలో వేయకూడదు. సామాన్ల గదిలో మంట పుడితే చేరే చెయ్యి ఉండదు, సీట్ల మధ్య పుడితే సిబ్బంది వెంటనే అందుకుంటారు. సాధారణ హద్దు 100 వాట్-అవర్లు (బ్యాటరీ ఎంత శక్తి దాచుకోగలదో చెప్పే కొలత). 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల దగ్గర ఉండనే కూడదు.

పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్-అవర్లు మాత్రమే ఉంటే ఆ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 10,000 అంటే 37 వాట్-అవర్లు, 20,000 అంటే 74. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును తనిఖీలో తీసేసుకునే అవకాశం ఉంది, దాన్ని తీసుకువెళ్లవద్దు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో చిక్కుకుంది. లోపల ఉన్న 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. పై అరలోని పవర్ బ్యాంకు లోపల రక్షణ పొర దెబ్బతినడం కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు తేల్చారు. ఆ తర్వాత నియమాలు వేగంగా బిగిశాయి. మార్చి 1 నుంచి కొరియా విమానాల్లో పవర్ బ్యాంకును పై అరలో పెట్టనివ్వడం లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి, ఎమిరేట్స్ అక్టోబరు 1 నుంచి విమానంలో వాటి వాడకాన్ని ఆపాయి. చైనా జూన్ 28 నుంచి తన దేశీయ విమానాల్లో 3సి ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్ బ్యాంకులను నిషేధించింది. విదేశం నుంచి వచ్చి చైనాలో మరో విమానం ఎక్కేవారు ఈ ముద్రను తప్పక చూసుకోవాలి. బయలుదేరే ముందురోజు మీ విమాన సంస్థ నియమం మళ్లీ ఒకసారి చదవండి.

విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించండి, లేదా ఒక్కొక్కదాన్ని వేర్వేరు చిన్న సంచిలో వేయండి. తాళాలూ నాణేలూ తగిలితే అవి షార్ట్ అవుతాయి. ఫోను సీటు సందులోకి జారితే సీటును కదపకుండా సిబ్బందిని పిలవండి. సీటు లోపలి లోహపు భాగాల మధ్య నలిగిన బ్యాటరీ మండుతుంది.

ఆరో అడుగు: గదిలో

గదిలోకి వెళ్లగానే సాకెట్‌ను చూడండి. పగుళ్లు, నల్లమరకలు, గోడ నుంచి ఊడివస్తున్న చట్రం కనిపిస్తే దాన్ని వదిలేయండి. మొదటి పది నిమిషాలు చార్జింగ్ దగ్గరే ఉండి అడాప్టర్‌ను తాకి చూడండి. గోరువెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే మామూలు కాదు.

ఫోనును చదునైన గట్టి బల్ల మీద పెట్టండి. మంచం మీద, దిండు కింద పెడితే వేడి బయటికి పోయే దారి ఉండదు. కొన్ని హోటళ్లలో తాళం కార్డు తీయగానే గది కరెంటు పోతుంది, బయటికి వెళ్లి వచ్చేసరికి చార్జ్ కాలేదని కంగారుపడేది అందుకే. నిద్రపోయే ముందు గంట రెండు గంటలు మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ చేసుకోవడం నాకు అలవాటు, రాత్రంతా వదిలేయడం కంటే నయం. కరెంటు పోయి వచ్చే చోట, జనరేటర్ మీద నడిచే చోట, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గు తీసి ఉంచండి. కరెంటు నిలకడగా వచ్చాక మళ్లీ పెట్టండి.

ఎండలో నిలిపిన కారులో చార్జ్ చేయకండి. చలి సంగతి అంతకంటే తక్కువ మందికి తెలుసు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం లోపలి పొరల్లోకి ఇంకకుండా లోహంగా పేరుకుంటుంది. బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది, లోపల షార్ట్ అయ్యే ముప్పూ పెరుగుతుంది. మంచులో తిరిగి వచ్చాక ఫోను గది వేడికి వచ్చేదాకా ఆగండి. చార్జింగ్ రంధ్రంలో తడి ఉంటే పూర్తిగా ఆరనివ్వండి.

విమానాశ్రయాల్లో, బస్సుల్లో ఉండే ఉమ్మడి యూఎస్‌బీ రంధ్రాలకు ఫోనును నేరుగా తగిలించకండి. యూఎస్‌బీలో కరెంటు తీగల పక్కనే సమాచారం పోయే తీగలూ ఉంటాయి. 2023 ఏప్రిల్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది. మీ సొంత చార్జర్‌ను గోడ సాకెట్‌కు పెట్టుకుంటే ఆ బెంగ లేదు. తప్పనిసరి అయితే ఫోను అడిగినప్పుడు "చార్జింగ్ మాత్రమే" ఎంచుకోండి.

ఏడో అడుగు: ఏదైనా తేడా వస్తే

మాడిన వాసన, బుసబుసమనే శబ్దం, పొగ, ఉబ్బిన వీపు, వీటిలో ఏది కనిపించినా ముందు గోడ స్విచ్ ఆపండి. మండుతున్న ఫోనును చేత్తో ఎత్తవద్దు. మంట చిన్నదై, గోడ కరెంటు తెగిందని రూఢి అయితే, దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోస్తే బ్యాటరీ చల్లబడుతుంది. పొగ నిండుతుంటే ఆ ప్రయత్నం చేయకుండా బయటికి వచ్చి, తలుపు మూసి, హోటల్ వారికి చెప్పండి. ఐరోపా సమాఖ్య అంతటా 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, జపాన్‌లో అగ్నిమాపక దళానికి 119, ఆస్ట్రేలియాలో 000. ఈ నంబర్లలో మీకు కావలసినది కాగితం మీద రాసి ఉంచుకోండి, ఫోనే మండుతున్నప్పుడు అందులోని నంబరు అక్కరకు రాదు.

మంట లేకుండా బ్యాటరీ ఉబ్బి మాత్రమే ఉంటే దాన్ని నొక్కడం, గుచ్చడం, మళ్లీ చార్జ్ చేయడం కూడదు. మండే వస్తువులకు దూరంగా, గట్టి నేల మీద ఉంచండి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని విమానంలోకి తీసుకురాకూడదు, చేతి సంచిలోనూ కుదరదు. చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి మండుతుంది. ఐరోపా సమాఖ్యలో చిన్న బ్యాటరీలు అమ్మే దుకాణాలు వాడేసిన వాటిని ఉచితంగా తిరిగి తీసుకోవాలి. ఉబ్బినదని ముందే చెప్పి అక్కడి సిబ్బంది చేతికి ఇవ్వండి. మరో దేశంలో ఉంటే తిరుగు ప్రయాణానికి ఒకరోజు ముందే హోటల్ వారిని అడిగి, బ్యాటరీలు సేకరించే చోటు కనుక్కోండి.